సంతకం మాత్రం వాళ్ళది

‘నడవడిక: సంతృప్తికరంగా లేదు.’

ఈ ముక్క రాసిన చెయ్యి ఎవరిదో నాకు తెలియదు. తెలిస్తే ఆ మనిషిని నడిరోడ్డు మీద నిలబెట్టి నాలుగు అడిగేదాన్ని. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. ఒక ఆడపిల్ల మూడేళ్ళ డిగ్రీ చదువును టీసీలో ఒక్క గడిలో కుక్కి, కింద రౌండు ముద్ర కొట్టి, కవర్లో పెట్టి చేతికిచ్చారు. బీఎడ్ సీటుకు కాగితాలు చూపించే తేదీ ఇంకా పది రోజులే ఉంది. ఆ గడి అలాగే ఉంటే సీటు పోయినట్టే. పిల్ల పేరు శైలజ. తల్లి పేరు సారక్క. నేను చెప్పబోయేది ఆ తల్లి సంగతి.

నాది జగిత్యాలలో ఆఫీసుల వీధిలో చిన్న జిరాక్స్ షాపు. జిరాక్సులతో పాటు దరఖాస్తులు కూడా రాసిపెడతాను. పేరుకు కవితనే గానీ పొద్దున లేస్తే రాసేది ‘గౌరవనీయులైన అధికారి గారికి నమస్కరించి వ్రాయునది’ అనే. సారక్క పదేళ్ళుగా నా దగ్గరికే వస్తుంది. పెగడపల్లి దగ్గరి పల్లె ఆమెది. గుంట భూమి లేదు. వానాకాలం నాట్లు వేస్తుంది, చలి తగ్గాక పసుపు తవ్వడానికి, ఉడకబెట్టి ఆరబోయడానికి పోతుంది. భర్త యోహాను రైస్ మిల్లులో హమాలీ. రేషన్ కార్డు, జాబ్ కార్డు, అత్త పింఛను, ఇంటి జాగా, ఏది కావాలన్నా కాగితం నేనే రాశాను. కింద ఎడమ బొటనవేలు ఆమె పెట్టింది.

నా దగ్గరికి వచ్చేవాళ్ళు చాలామంది ముద్ర ఎక్కడ పెట్టాలో మాత్రమే అడుగుతారు. సారక్క అలా కాదు. ముందు మొత్తం చదివి వినిపించమంటుంది. ఒకసారి ఇంటి జాగా దరఖాస్తు చదువుతుంటే మధ్యలో ఆపింది.

“కడు నిరుపేదరాలను అంటే ఏంది?”

“బాగ బీదదాన్ని అని.”

“నేను గట్ల అన్ననా నీతోని?”

“గట్ల రాస్తెనే పని అయితది సారక్కా.”

“తీసెయ్యి. నేను అనని మాట కింద నా ఏలు పెట్టియ్యకు. రేపు ఎవలన్న అడిగితే జవాబు చెప్పేది నువ్వు కాదు, నేను.”

బయట క్యూ ఉంది. అయినా ఆ కాగితం మళ్ళీ టైపు చేశాను. లోపల తిట్టుకున్నాను కూడా. ఆమె పట్టుదల మూర్ఖత్వం కాదని నాకు అర్థం కావడానికి ఈ జూన్ నెల రావలసి వచ్చింది.

సారక్కకు చదువు రాదు. చిన్నప్పుడు బడికి పంపలేదు, దొరవారి బర్లు కాయడానికి పంపారు. అంకెలు వస్తాయి, ఫోన్ నంబర్లు వస్తాయి, అంతే. ఆదివారం చర్చి నుంచి వచ్చాక కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని బైబిలు చదివించుకుంటుంది. రాసి ఉన్న మాట అంటే ఆమెకు ఆటలు కాదు. ఏప్రిల్‌లో శైలజ హాస్టల్ ఖాళీ చేసి వచ్చినప్పుడు ట్రంకు పెట్టెలో ఒక ఆటోగ్రాఫ్ పుస్తకం కనిపించింది. గులాబీ రంగు అట్ట, దానికి చిన్న గొళ్ళెం. ఒక్కో పేజీలో ఒక్కో స్నేహితురాలి పాస్‌పోర్టు ఫోటో, దాని కింద రంగురంగుల పెన్నులతో స్నేహం మీద కవిత, చివర సంతకం, తేదీ. సారక్క వాటిని కూడా చదివించుకుంది. విని కళ్ళు తుడుచుకుని, ఆ పుస్తకాన్ని బైబిలు చుట్టే గుడ్డలోనే చుట్టి దాచింది.

ఇప్పుడు తాళం గొడవ చెప్పాలి. చెబుతుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

అది ప్రైవేటు కాలేజీ. దాని హాస్టల్‌కు వార్డెన్ ఎవరంటే కరస్పాండెంటు గారి మరదలు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడ పిల్లలందరినీ లోపల పెట్టి గ్రిల్లుకు తాళం వేసి, తాళంచెవి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని పెళ్ళికి పోయింది. శైలజ గదిలో ఉండేది నలుగురు: శైలజ, కోరుట్ల పిల్ల యాస్మీన్, సిరిసిల్ల పిల్ల సౌమ్య, గంభీరావుపేట పిల్ల ప్రవళిక. యాస్మీన్‌కు కడుపులో నొప్పి మొదలైంది. గంటకు ఎక్కువైంది. వార్డెన్‌కు పదకొండుసార్లు ఫోన్ చేశారు, ఎత్తలేదు. పెళ్ళిలో భోజనాలప్పుడు ఫోన్ ఎవరు చూస్తారు? శైలజ బట్టలుతికే చోటు నుంచి రాయి తెచ్చి తాళం పగలగొట్టింది. ప్రవళిక గ్రిల్లు కదలకుండా పట్టుకుంది. సౌమ్య ఆటో పిలిచింది. నలుగురూ ఆసుపత్రికి పోయారు. అపెండిక్స్, ఇంకో గంట ఆలస్యమైతే లోపలే పగిలేదన్నారట డాక్టర్లు.

అప్పుడు అందరూ శైలజను మెచ్చుకున్నారు. మేలో యాస్మీన్ చిన్నాన్న కాలేజీకి పోయి “పిల్లలను లోపల పెట్టి తాళం ఎట్ల వేస్తరు?” అని గట్టిగా అడిగేసరికి వాళ్ళకు భయం పుట్టింది. ఆ భయానికి ఒక కథ అల్లారు. ఆ రోజు వార్డెన్ హాస్టల్‌లోనే ఉందట. శైలజ ఎవరితోనో బయట తిరగడానికి తాళం పగలగొట్టిందట. యాస్మీన్‌ను తర్వాత వార్డెనే ఆసుపత్రికి పంపిందట. రిజిస్టరులో అలాగే రాసుకుని, టీసీలో ఆ గడి నింపి ఇచ్చేశారు. తాళం వేసిన మనిషి మంచిదైంది, పగలగొట్టిన పిల్ల చెడ్డదైంది.

సారక్క నా దగ్గర రాయించుకుని కలెక్టరు ఆఫీసు ప్రజావాణిలో దరఖాస్తు ఇచ్చింది. ఒక అధికారిని విచారణకు వేశారు. గురువారం పదకొండున్నరకు రమ్మన్నారు, చూసినవాళ్ళను తీసుకురమ్మన్నారు. తాళం దగ్గర నుంచి ఆసుపత్రి దాకా అంతా చూసినవాళ్ళు ముగ్గురే. శైలజ వెంటనే ముగ్గురికీ ఫోన్లు చేసింది. ఒకరిది స్విచ్ఛాఫ్, ఒకరు ఎత్తరు, ఒకరు మెసేజ్ చూసి కూడా జవాబివ్వరు.

“పోనియ్యే. పై నుంచి దేవుడు చూస్తున్నడు” అన్నాడట యోహాను.

“చూసిండు. గని ఆఫీసుకొచ్చి సంతకం పెడ్తడా?” అన్నదట సారక్క.

మంగళవారం పొద్దున కూతురికి చెప్పకుండా ఆటోగ్రాఫ్ పుస్తకాన్ని బియ్యం సంచిలో వేసుకుని బస్సెక్కింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు లేదు గనుక ఎంత దూరమైనా పోవచ్చు. పేజీలు ఎవరివో ఫోటోలు చూసి గుర్తుపడుతుంది. మాట ఇచ్చినవాళ్ళ చేతనే ఆ మాట చదివించాలని ఆమె ఆలోచన. తనకు చదువు రాకపోవడం ఆ రోజు ఆమెకు ఆయుధమైంది.

మొదట గంభీరావుపేట. తలుపు తీసింది ప్రవళిక తల్లి.

“ప్రవళిక లేదు. వాళ్ళ మేనమామ ఊరికి పోయింది” అన్నది.

గుమ్మం పక్కనే ప్రవళిక చెప్పులున్నాయి. హాస్టల్‌కు పోయినప్పుడల్లా చూసిన చెప్పులు, ఒకదానికి పువ్వు ఊడిపోయింది. సారక్క వాటిని చూసింది. పుస్తకం తెరిచి ఆ పేజీ తల్లి ముందు పెట్టింది.

“నీకు సదువు వచ్చు గదా అక్కా. నీ బిడ్డ నా బిడ్డకు ఏం రాసిందో జర సదివి చెప్పు.”

ఆమె తప్పించుకోలేక చదివింది.

పసుపు ఆరిన వాకిలి వంటి నీ మనసు
నా చలిరోజుకు ఎండ ఇచ్చింది.
ఏ ఊళ్ళో నువ్వున్నా, కష్టం అన్నా
నీ వాకిట్లో మొదటి అడుగు నాది.

చివరి పాదం దగ్గరకు వచ్చేసరికి ఆమె గొంతు తగ్గిపోయింది.

“మొదటి అడుగు పడ్డది” అన్నది సారక్క. “నాది పడ్డది, మీ వాకిట్ల. నీ బిడ్డ చెప్పులు గీడనే ఉన్నయి. మనిషి మాత్రం మేనమామ ఇంటికి ఉత్త కాళ్ళతోనే పోయిందా?”

ఆమె మొహం ఎర్రబడింది. “ఏం జెయ్యమంటవ్? మా చిన్నది గా కాలేజీలనే చదువుతుంది. రేపు దాని టీసీల ఏం రాస్తరో ఎవలకు ఎరుక?” అని తలుపు వేసుకుంది. అందులో అబద్ధం లేదు. భయపడే మనిషికి కారణాలు ఎప్పుడూ నిజంగానే ఉంటాయి. నాకు కోపం వచ్చేది అక్కడే.

అక్కడి నుంచి సిరిసిల్ల. సౌమ్య వాళ్ళది మరమగ్గాల ఇల్లు. ముందు గదిలో నాలుగు మగ్గాలు ఆడుతుంటే పక్క మనిషి మాట వినపడదు. సౌమ్య నాన్న సారక్కను చూసి మగ్గాలు ఆపాడు. ఆ పిల్ల మొహం చూపించింది, దాక్కోలేదు, అంతవరకు నయం. అదే కరస్పాండెంటుకు సిరిసిల్లలో ఒక స్కూలుంది. సౌమ్యకు అక్కడ టీచరు ఉద్యోగం ఇస్తామన్నారు, జూన్ ఇరవై నుంచి రమ్మన్నారు. సారక్కకు ఆ సంగతి కూడా తనే చెప్పింది.

“సరే బిడ్డా. గిది సదువు” అన్నది సారక్క.

పడుగు నువ్వైతే పేక నేనవుతా,
నడుమ తెగితే ముడి నేనేస్తా.
అందరు వదిలిన నాడు చూసుకో
నీ పక్కన నిలిచేది నేనే.

“పోగు తెగింది. ముడెయ్యి” అన్నది సారక్క.

సౌమ్య తల వంచుకుంది. తర్వాత, తన మీద నుంచి బరువు దించుకోవాలని కాబోలు, ఆ మాట అనేసింది.

“ఆంటీ, ఇది నేను రాయలే. శైలజనే రాసింది.”

“ఏంది?”

“మా ముగ్గురివి శైలజనే రాసింది. మాకు కవితలు రావు గదా. నువ్వే మంచిగ రాస్తవ్, మా పేర్ల మీద నువ్వే రాసుకో అన్నం. అది రంగు పెన్నులు మార్చి రాసుకుంది. మేం ఫోటో అతికిచ్చి సంతకం పెట్టినం. గంతే.”

సారక్క పుస్తకం మూసి, గొళ్ళెం పెట్టి, సంచిలో వేసుకుంది. సౌమ్య నాన్న మంచినీళ్ళు ఇస్తే తాగలేదు. బస్టాండు దాకా నడుస్తుంటే వెనక మళ్ళీ మగ్గాల చప్పుడు మొదలైందని నాతో చెప్పింది. ఆ చప్పుడు మొదలవడం ఆమెకు అన్నిటికన్నా ఎక్కువ బాధ పెట్టింది.

బుధవారం పొద్దున నేను షట్టరు ఎత్తేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది.

“గిదంత ఒక్కటే చేతిరాతనా, చూడు” అని పుస్తకం నా మీదికి తోసింది.

చూశాను. ఆకుపచ్చ, వంగపండు రంగు, మెరుపుల నీలం. రంగులు మూడు గానీ రాత ఒకటే. ‘ళ’ అక్షరం కింద ఒకే రకం మెలిక. పసుపు వాకిలి గురించి గంభీరావుపేట పిల్లకు ఏం తెలుసు? అది పసుపు ఆరబోసే మనిషి కూతురు రాసిన మాట. ఎవరికి వాళ్ళు చెబితే బాగుండునని ఆ పిల్ల ఎదురుచూసిన మాటలన్నీ తానే రాసుకుని, వాళ్ళ చేత సంతకాలు పెట్టించుకుంది. నాకు ఏడుపు రాలేదు, మంట వచ్చింది. మూడేళ్ళు ఒకే గదిలో ఉన్నారే, ఒక్క పాదం సొంతంగా రాయడానికి ముగ్గురికీ చేతులు రాలేదా? ‘శైలజా, నువ్వు మంచిదానివి’ అని రాస్తే చాలు గదా, దానికి కవిత్వం ఎందుకు?

మూడో పేజీ యాస్మీన్‌ది. ఆ కవిత చదివి ఆగిపోయాను.

తాళం పగిలిన చప్పుడు చెవిలో ఉన్నంత కాలం
ఊపిరి నాది, దాని మీద పేరు నీది.
నువ్వు పిలవక ముందే వస్తాను,
పిలిస్తే ఆలస్యమైనట్టే.

కింద యాస్మీన్ సంతకం. తేదీ ఏప్రిల్ పదకొండు. అంటే టీసీ గొడవ పుట్టక ముందు తాళం సంగతి కాగితం మీద ఉంది. అంతలోనే నా దరఖాస్తు బుద్ధి అడ్డం వచ్చింది.

“ఇది చెల్లదు సారక్కా. శైలజ తనే రాసుకున్నది గదా. వాళ్ళు నవ్వుతరు.”

ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

“పదేండ్ల సంది నా దరఖాస్తులు ఎవలు రాస్తున్నరు?”

“నేనే.”

“ముద్ర?”

“నీది.”

“గప్పుడు మాట ఎవలది? నీదా, నాదా? ఇంటి జాగా కాగితం తప్పయితే సార్లు నిన్ను పట్టుకుంటుండెనా, నన్నా? సదువు రానిదానికి ఏలు పెడితే మాట కట్టుబడుద్ది. సదువుకున్నోళ్ళకు సంతకం పెడితే కట్టుబడదా? మాకో కానూను, వాళ్ళకో కానూనా?”

వచ్చినవాళ్ళకు మధ్యాహ్నం రమ్మని చెప్పి, షట్టరు దించి, ఆమెతో కోరుట్ల బస్సెక్కాను.

యాస్మీన్ వాళ్ళ ఇల్లు కోరుట్ల పాత బజారు వెనక. తండ్రి గల్ఫులో ఉన్నాడు. తల్లి ఉన్నా ఇంట్లో మాట నడిచేది నాయనమ్మ గుల్షన్ బీది. ఆమె మంచం మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. మమ్మల్ని కూర్చోమన్నది, చాయ్ పెట్టించింది. సంగతి విన్నాక మాత్రం మొహం గట్టిపడింది.

“మెట్‌పల్లి నుంచి సంబంధం వచ్చింది. మొన్ననే చూసి పోయిండ్రు. ఇప్పుడు పిల్ల ఆఫీసుల పొంటి తిరిగి, ఎంక్వైరీల నిలబడ్డదంటె వాళ్ళు ఏమనుకుంటరు? ఆపరేషన్ అయిన సంగతి కూడ ఇంక చెప్పలేదు” అన్నది.

యాస్మీన్ వంటగది తలుపు దగ్గర నిలబడి ఉంది. సారక్క ఆమెను పిలిచి పుస్తకం చేతికిచ్చింది. యాస్మీన్ రెండు పాదాలు చదివి ఆపేసింది. “చదువు” అన్నది సారక్క. ఆ పిల్ల ఏడుస్తూనే చివరిదాకా చదివింది.

“పిలవకముందే వస్తనన్నవ్. నేను పిలవనీకి వచ్చిన. గిప్పటికే ఆలస్యమైంది” అన్నది సారక్క. ఆమె గొంతు పెద్దదైంది. “నా బిడ్డ రాయి పట్టుకోకుంటే ఇయ్యాల నువ్వు గీడ నిలబడకపోదువు. నీ పానం అడుగుతలేను. రెండు మాటలు అడుగుతున్న. తాళం ఎవలు ఏసిండ్రు, ఎందుకు పగిలింది.”

“రాసింది శైలజనే...” అని మొదలుపెట్టింది యాస్మీన్.

“ఎరుకనే. సంతకం?”

గుల్షన్ బీ బియ్యం ఏరడం ఆపి మనవరాలి వైపు చూసింది.

“దస్తఖత్ నీదేనా?”

“నాదే దాదీ.”

ముసలామె మళ్ళీ చేట అందుకుంది. “మీరు పొండి. చూస్తం” అన్నది. ఆ ‘చూస్తం’ అనే మాట ఆఫీసుల్లో వేలసార్లు విన్నాను. దాని అర్థం నాకు బాగా తెలుసు. తిరుగు బస్సులో సారక్క సంచిని ఒళ్ళో పెట్టుకుని కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది.

ఆ సాయంత్రం శైలజకు విషయం తెలిసి తల్లి మీద విరుచుకుపడిందట. “ఎందుకు తీస్కపోయినవే? ఎందుకు చదివిచ్చినవ్? నేనే రాసుకున్ననని అందరికి తెలిసిపాయె” అని తలుపు వేసుకుని ఏడ్చిందట. సారక్క తలుపు అవతల నిలబడి ఒక్కటే అన్నదట: “నువ్వేం తప్పు చేసినవ్? సిగ్గు వాళ్ళకుండాలె.”

గురువారం పదకొండుంబావుకే మేం ఆఫీసుకు చేరాం. సారక్క, శైలజ, యోహాను, నేను. యోహాను మిల్లు మానేసి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అవతలి వైపు ప్రిన్సిపాలు, వార్డెన్, వాళ్ళ రిజిస్టరు. అధికారి మర్యాదస్థుడు. రెండు వైపులా విన్నాడు. సాక్షులు ఎవరని అడిగాడు. సారక్క ఆటోగ్రాఫ్ పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

ప్రిన్సిపాలు నవ్వాడు. “సార్, ఇది ఈ అమ్మాయే రాసుకున్నది. హాస్టల్ మొత్తానికి తెలుసు. తన గొప్పలు తనే రాసుకుని ఫ్రెండ్స్‌తో సంతకాలు పెట్టించుకుంది. ఇదా సార్ సాక్ష్యం?”

వార్డెన్ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. శైలజ నేల చూస్తూ నిలబడింది. ఆ నవ్వు విన్నప్పుడు నాకు వచ్చిన కోపం రాయడానికి ఈ కాగితం పనికిరాదు. పిల్లలను లోపల పెట్టి తాళం వేసి పెళ్ళి భోజనం చేసి వచ్చిన మనిషి, ఒక పిల్ల రాసుకున్న మూడు కవితలకు నవ్వుతోంది.

అధికారి గడియారం చూసుకున్నాడు. పన్నెండు కావస్తోంది. “వేరే ఎవరూ లేకపోతే...” అని ఫైలు దగ్గరికి లాక్కున్నాడు.

అప్పుడు బయట నుంచి బంట్రోతు వచ్చి, ఎవరో ముసలామె వచ్చిందన్నాడు. గుల్షన్ బీ. వెనక యాస్మీన్, చేతిలో ఆసుపత్రి ఫైలు. బస్సు ఆలస్యమైందట. అధికారి కూర్చోమంటే ముసలామె కూర్చోలేదు. ఆయాసం తీర్చుకుని, ప్రిన్సిపాలు మళ్ళీ అదే పాట అందుకోబోతుంటే చెయ్యి ఎత్తి ఆపింది.

“సాబ్, నా నిఖా అయిననాడు నిఖానామా, గా పెండ్లి కాయితం, ఖాజీ సాబ్ రాసిండు. నాకు ఒక్క హర్ఫ్, ఒక్క అచ్చరం రాదు. ఏలు మాత్రం నేను పెట్టిన. గా ఏలు మీద నలబై రెండేండ్లు సంసారం చేసిన. నేను రాయలేదని ఒక్కనాడన్న లేచిపోయిన్నా? రాత ఎవలదైతె ఏంది, దస్తఖత్ మా పిల్లది.” తర్వాత మనవరాలి వైపు తిరిగింది. “గీ ఒక్క సంగతికి సంబంధం పోతదంటె పోనీ. అసొంటి ఇంటికి నువ్వు పోకు. బోల్.”

యాస్మీన్ చెప్పింది. మెల్లగా, ఆగి ఆగి చెప్పింది గానీ మొత్తం చెప్పింది. తాళం, పెళ్ళి, పదకొండు ఫోన్లు, రాయి, ఆటో. ఆసుపత్రి ఫైలులో చేర్చిన సమయం ఉంది, తీసుకొచ్చినవాళ్ళ పేరు దగ్గర ‘శైలజ, స్నేహితురాలు’ అని ఉంది. వార్డెన్ నవ్వు ఎక్కడ పోయిందో తెలియదు.

“ఇదంతా రాసి ఇవ్వమ్మా” అని అధికారి తెల్ల కాగితం ముందుకు జరిపాడు.

యాస్మీన్ పెన్ను తీసుకుంది. తీసుకుని, అలవాటు కొద్దీ, పెన్నును శైలజ వైపు చాపింది. “నువ్వు రాయి శైలూ, నేను సంతకం పెడ్త.” శైలజ చెయ్యి కూడా అలవాటు కొద్దీ ముందుకు వచ్చింది. సారక్క ఆ రెండు చేతుల మధ్యకు వచ్చింది.

“వద్దు. గీసారి నీ చేత్తోని నువ్వే రాయి బిడ్డా.”

యాస్మీన్ రాసింది. అరగంట పట్టింది. ఒత్తులు తప్పులు, దీర్ఘాలు తప్పులు. ‘ప్రాణం’ రాయబోయి రెండుసార్లు కొట్టేసింది. నా పదేళ్ళ దరఖాస్తుల్లో అంత మంచి కాగితం నేను రాయలేదు.

నాలుగో రోజుకు కొత్త టీసీ వచ్చింది. గడిలో ‘సంతృప్తికరం’ అని ఉంది, శైలజకు సీటు దక్కింది. వార్డెన్‌ను ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడ ఇంకా అక్కడే వార్డెన్, హాస్టల్‌కు ఇంకా తాళమే. సౌమ్య ఉద్యోగంలో చేరింది. ఇవి కూడా చెప్పాలి, లేకపోతే అంతా చక్కబడిందని మీరు అనుకుంటారు.

టీసీ జిరాక్సుల కోసం తల్లీ కూతుళ్ళు షాపుకు వచ్చారు. పని అయ్యాక సారక్క సంచిలోంచి ఆటోగ్రాఫ్ పుస్తకం తీసింది. ప్రవళిక పేజీ తెరిచి, కుట్టు దగ్గర పట్టుకుని చించబోయింది. శైలజ గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

“చింపకే అమ్మా. అవి వాళ్ళయి కావు. నేను రాసినయి.”

సారక్క చెయ్యి ఆగింది. కూతురి మొహం చూసింది. కోపంతోనే చూసింది, కానీ అది కూతురి మీది కోపం కాదు.

“అయితే వాళ్ళ పేర్లు ఎందుకు దీని కింద?” అన్నది. నా వైపు తిరిగింది. “చెల్లె, వాళ్ళ సంతకం ఏడుందో చూపియ్యి.”

చూపించాను. ప్రవళికది పేజీ చివర, సౌమ్యది ఫోటో పక్కన. సారక్క నా బల్ల మీది పెన్ను తీసుకుంది. పదేళ్ళలో ఆమె ఆ బల్ల మీద ఇంకు ప్యాడు తప్ప పెన్ను ముట్టుకోవడం నేను చూడలేదు. పిడికిలితో గట్టిగా పట్టుకుని, ఆ రెండు పేర్ల మీద ఒక్కొక్క గీత గీసింది. గీత వంకరగా పోయింది, కానీ ఒక్క అక్షరం కూడా వదలకుండా గీసింది.

కవితల మీద గీత పడకుండా చూసుకుంది.